మాపటేల ఎన్ని గంటలకు

1995 ఫిబ్రవరి 4, శనివారం

ఇవాళ ఒక మాట దొరికింది. మాపటేల.

అవ్వ నోట రోజూ వినే మాటే. విని వదిలేసే మాట. అవ్వ మాటలన్నీ ఒక కాగితం మీద రాసి రామలక్ష్మి గారికి చూపించాను. "మాపు అంటే సాయంత్రం అమ్మా. మాపటి వేళ. నోట్లో అరిగి అరిగి మాపటేల అయింది" అన్నారు. లోపల 'వేళ' దాక్కుని ఉంది! ఇన్నేళ్ళూ నాకు కనిపించలేదు. గుడి హాలు నుంచి బస్సు ఎక్కకుండా నడిచి వచ్చాను. నార్త్‌డేల్ పేట ఎత్తులన్నీ ఆ ఒక్క మాట నములుతూ.

రామలక్ష్మి గారు పోయిన ఏడాది విజయవాడ నుంచి ఈ దేశం వచ్చారు. మా వాళ్ళు తరతరాలుగా ఇక్కడే. భర్త ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఏడేళ్ళుగా శనివారం తెలుగు క్లాసుకు పోతున్నాను, ఆకలి పుట్టింది మాత్రం ఆవిడ వచ్చాకే. రోజూ నాలుగు వాక్యాలు రాయమన్నారు, ఎవరికీ చూపించక్కర్లేదన్నారు. చూపించినా ఎవరు చదువుతారు? అమ్మకీ నాన్నకీ ఇంగ్లీషే. అవ్వకి మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఈ పుస్తకానికి తాళం అక్కర్లేదు.

ఫిబ్రవరి 5

చదవాల్సింది బయాలజీ. మెట్రిక్ ఏడాది, బడిలో ఆఖరిది. చదువుతున్నది నిఘంటువు.

ఫిబ్రవరి 7, మంగళవారం

వరసగా రాయాలి.

మంగళవారం అంటే డిటెక్టివ్‌ల సీరియల్. పక్కింటి పిళ్లే ఆంటీ ఆరున్నరకే వచ్చేసింది. మాతో అన్నం తిని, ఎనిమిదికి టీవీ ముందు. ఆవిడ ఇంట్లోనూ టీవీ ఉంది, కానీ ఒంటరిగా తుపాకులు చూడలేనంటుంది. అవ్వ మాత్రం రాదు. "ఆళ్ళ ఇంగిలీసు రైలుబండి" అంటుంది, వంటింటి కిటికీ దగ్గరే ఉంటుంది.

సీరియల్లోని ఆ పెద్ద ఊరు నాకు కంఠతా వచ్చేసింది. మంచు, రోడ్డు కింది నుంచి లేచే ఆవిరి, కాగితం కప్పుల్లో కాఫీ. ఇవాళ కళ్ళజోడు డిటెక్టివ్ ఒక పూలమ్మే ఆవిడను అడిగాడు: ఎన్ని గంటలకు? ఆవిడ: తొమ్మిదీ పద్నాలుగు. అంతే, కేసు తేలిపోయింది. ఆ ఊళ్ళో సాక్షులందరికీ నిమిషాలతో సహా తెలుసు. నాన్న: "ఫారాలు నింపేవాడు ఒక్కడూ కనపడడేం వీళ్ళలో?"

తొమ్మిదికి ఆంటీ ఇంటికి వెళ్ళింది. వెంటనే కేక.

వెనక తలుపు విరిచేశారు. టీవీ లేదు. కుట్టుమిషను లేదు. బీరువాలో దాచుకున్న ఆవిడ తాళి లేదు — అంకుల్ పోయాక తీసి, పసుపు గుడ్డలో చుట్టిపెట్టుకున్నది. ఆవిడ మా ఇంట్లో అన్నం తిని, మాతో కూర్చుని దొంగల్ని పట్టుకోవడం చూసిన ఆ రెండున్నర గంటల్లోనే.

ఆంటీ మా సోఫాలో కూర్చుని ఒకటే మాట — "టీవీ పోనీ... టీవీ పోనీ..."

ఫిబ్రవరి 8, బుధవారం

డిటెక్టివ్ వచ్చాడు! సొంత కారులో. స్టేషన్ కారుకి గేరు పడటం లేదట. కోటు లేదు, కాఫీ లేదు. చొక్కా జేబులో సిరా మరక. పేరు నాయుడు.

"తెలుగువారా!" అన్నాను తెలుగులో.

నవ్వాడు. "పేరొక్కటే మా. ఒకటి నుంచి లెక్కపెట్టమంటే నాలుగు దగ్గర ఆగిపోతా." (అన్నది ఇంగ్లీషులోనే; చివరి 'మా' మాత్రం అమ్మా అనే పిలుపు. ఇక్కడ అందరి ఇంగ్లీషునీ తెలుగు చేసుకుంటున్నాను. ఇంట్లో అవ్వ ఒక్కతే తెలుగులోనే మాట్లాడేది.)

కొత్త ప్రభుత్వం వచ్చాక స్టేషన్ ముందు బోర్డు మారుస్తున్నారట. "మొన్నటిదాకా మేం పోలీసు బలగం. ఇప్పుడు పోలీసు సేవ. కుర్చీ మాత్రం అదే, మూడు కాళ్ళది."

కిటికీ దగ్గరే ఉండే అవ్వ ఏదైనా చూసి ఉంటుందని అమ్మ నోరు జారింది. ఆయన అవ్వ వైపు తిరిగాడు. అవ్వ నా వైపు తిరిగింది. అప్పుడు నేను — నేనే — దుబాసీ అయ్యాను.

అవ్వ అంది: "మాపటేల బేకీని సూసినాను. పిళ్లేయమ్మ గేటు కాడ. బుజాన సంచేసుకుని ఎల్తన్నాడు."

నేను చెప్పాను: సాయంత్రం భెకిని పిళ్లే ఆంటీ గేటు దగ్గర చూసింది. భుజాన సంచి ఉంది.

భెకి మంగళవారాలు ఆంటీ తోట పని చేస్తాడు. గడ్డి కోస్తాడు, కంచె కత్తిరిస్తాడు. ఆంటీ వెంటనే: "మూడింటికే పంపించేశానే! మళ్ళీ వచ్చాడా?" నాయుడు గారి పెన్ను ఆగింది. "సాయంత్రం అంటే ఎన్నింటికి? టైమ్ కావాలి మా. టైమ్ లేకపోతే ఈ కాగితంలో పల్లీలు పొట్లం కట్టుకోవాలి."

"ఏడు" అన్నాను.

రాసుకున్నాడు. అవ్వ వేలిముద్ర. దాని కింద దుబాసీగా నా సంతకం. వెళ్తూ వెళ్తూ — "భలే చెప్పావు. కోర్టుల్లో ఇప్పుడు దుబాసీలు కావాలి, పదకొండు అధికార భాషలు. సెలవుల్లో పని ఇప్పిస్తా, నా పేరు చెప్పు." ఆ పదకొండులో తెలుగు లేదన్నాను. "ఉండదు. కానీ నువ్వు ఉన్నావుగా" అన్నాడు.

ఫిబ్రవరి 9

స్టేట్‌మెంట్‌కి తెలుగు వెతికాను. వాంగ్మూలం. వాక్కు, మూలం. మాటకి వేరు! నాలుగుసార్లు రాశాను, అందంగా.

ఫిబ్రవరి 10, శుక్రవారం

భెకిని తీసుకెళ్ళారు. బస్సు దిగుతుంటే అమ్మకి ఎవరో చెప్పారు. మూడు రోజుల్లో తేలిపోయింది, టీవీలోలాగే.

టీవీలో అయితే ఇక్కడ పాట వచ్చేస్తుంది. ఇక్కడ ఏమీ రాలేదు. పిండి జల్లిస్తూ అమ్మ: "అతనికి ఇద్దరు పిల్లలు."

అవ్వకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే తెలుగులో చెప్పాలి, తెలుగు వచ్చింది నాకు. రేపు చెప్తాను.

ఫిబ్రవరి 11, శనివారం

క్లాసులో వాంగ్మూలం సంగతి చెప్పాను. రామలక్ష్మి గారు చప్పట్లు కొట్టించారు. "చూశారా, భాష ఎక్కడ పనికొచ్చిందో!"

అవ్వకి చెప్పలేదు.

ఫిబ్రవరి 13, సోమవారం

కూర్చోలేకపోతున్నాను. లేస్తున్నాను. మళ్ళీ కూర్చుంటున్నాను.

బడి నుంచి వచ్చేసరికి అవ్వ వెనక మెట్ల మీద ఎండుమిరపకాయలు తిరగేస్తోంది. నెత్తి మాడిపోయే ఎండ. "లోపలికి రా అవ్వా" అన్నాను. "ఉండవే పిల్లా. మాపటేల ఎండకే మిరపకాయి గలగలమంటాది."

మాపటేల ఎండ.

వంటింట్లోకి పోయి గడియారం చూశాను. మూడుంబావు.

ఏడింటికి ఎండ ఎక్కడిది?

ఫిబ్రవరి 14, మంగళవారం

పొద్దున బడికి పోయే ముందు అడిగాను, మామూలుగా అడిగినట్టే. "అవ్వా, మాపటేల అంటే ఎప్పుడు?"

"అదేటే, మాపటేలంటే మాపటేలే."

"గడియారంలో ఎంత?"

"ఎస్టేట్‌లో గడియారం ఎవుడికుంది? సర్దారు చాయిలే కొడితే మాపటేల."

సర్దారు అంటే కూలీల మేస్త్రీ. చాయిలే — పని వదిలే వేళ. 'ఫనకలో' అనే కూలీల కలగలుపు భాషలోని మాట, ఇక్కడ అందరికీ తెలిసిందే. అవ్వ పుట్టింది చెరకు ఎస్టేట్ బారకాసుల్లో, కూలీల వరస ఇళ్ళలో. చీకటితోనే పొలంలోకి దిగేవారు. ఇచ్చిన వరస కోసేస్తే ఆ రోజుకి పని అయిపోయినట్టే. సూర్యుడు నడినెత్తి దాటి కాస్త వాలగానే చాయిలే. వాళ్ళకి అక్కడితో రోజు అయిపోయింది, కాబట్టి సాయంత్రం అక్కడికి జరిగి వచ్చింది. అమ్మమ్మల నుంచి అలాగే వచ్చింది. పుస్తకంలో సాయంత్రం సాయంత్రం దగ్గరే ఉండిపోయింది.

నేను పుస్తకాన్ని నమ్మాను. అడగాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది.

రామలక్ష్మి గారి తప్పు కాదు. ఆవిడ 'సాయంత్రం' అన్నారు. 'ఏడు' అన్నది నేను. సాయంత్రం అంటే ఆరో ఏడో అనుకున్నాను. ఆరు మరీ అందరూ అనే మాటలా ఉంది. ఏడు వినడానికి ఖాయంగా ఉంది, పూలమ్మే ఆవిడ తొమ్మిదీ పద్నాలుగులా.

నిఘంటువులో ఏడు: ఒక సంఖ్య. సంవత్సరం. రోదించుమని ఆజ్ఞ.

సీరియల్ వస్తోంది. పిళ్లే ఆంటీ రాలేదు, తాళం వేసి ఇంట్లోనే ఉంది. నేను చూడటం లేదు. గోడ అవతల నుంచి తుపాకులు.

ఫిబ్రవరి 15, బుధవారం

పిళ్లే ఆంటీని అడిగాను: ఆ రోజు భెకికి ఏమైనా ఇచ్చి పంపావా?

"అవకాడోలు. చెట్టు విరగకాసింది కదా. ఓ సంచెడు. ఏం?"

ఏం లేదన్నాను. మూడింటికి సంచి. మూడింటికి గేటు. ఇంటికి పోతున్న మనిషి.

అవ్వకి చెప్పేశాను. అంతా. మిరపకాయల బుట్ట కింద పెట్టింది.

"ఇంటికి ఎల్తన్నాడని నేను సెప్తే, దొంగతనానికి వచ్చినాడని నువ్వు సెప్పినావా?"

"అలా అనలేదు అవ్వా. టైమ్ తప్పు చెప్పా..."

"నన్నడిగినావా?"

కింద రాలిన మిరపకాయ ఒకటి తీసి బుట్టలో వేశాను.

"నన్నడిగినావా, సుగుణా?"

పేరు పెట్టి పిలిచింది. ఎప్పుడూ పిల్లా అనే మనిషి.

"పోయినేడు మొట్టమొదటి ఓటు నాడు పొద్దుగూకులూ నిలబడితే, కాళ్ళు పీకేత్తంటే, పెయింటు డబ్బా బోర్లించి కూకోమన్నాడు బేకీ. నా ఏలి ముద్దరేసి ఆడినే జెయిల్లో ఎట్టించినావు. ఆ రోజు కిటికీలోంచి హంబా కాయా అని కూడా అన్నాను, ఇంటికి పో బాబూ అని. సెయ్యూపినాడు."

అది నాకు చెప్పలేదు కదా అన్నాను. "నువ్వడగలేదు" అంది. అన్నం తినలేదు.

ఫిబ్రవరి 16

నాన్న: "సంతకం పెట్టింది నువ్వు. ప్రమాణం మీద. ఇప్పుడు మార్చితే నిన్ను పట్టుకుంటారు."

అమ్మ: "పోలీసుల్ని చూస్తే రోడ్డు దాటి నడిచే కొంప ఇది. మనకెందుకు?" కాసేపటికి మళ్ళీ: "ఎప్పుడు వెళ్తావు? ఫ్యాక్టరీలో అరపూట సెలవు పెడతా."

నాన్న పేపరు తిరగేసి పట్టుకున్నాడు. నిజంగా తలకిందులుగా. ఎవరూ నవ్వలేదు.

ఫిబ్రవరి 17, శుక్రవారం

స్టేషన్. అమ్మ, అవ్వ, నేను. బెంచీ మీద గంటన్నర. అవ్వ రేకు డబ్బాలో రోటీలు తెచ్చింది భెకికి. లోపలికి పంపం అన్నారు. డబ్బా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

నాయుడు విన్నాడు. మొదట నవ్వాడు, తరవాత నవ్వలేదు. "ఎవరైనా వచ్చి బెదిరించారా? అతని తరఫువాళ్ళు?"

లేదు. ఒక మాట. మాటకి అర్థం తప్పు.

"మాట." కళ్ళు నలుపుకున్నాడు. "పేపర్లు ప్రాసిక్యూటర్ దగ్గరికి పోయాయి మా. బెయిల్ విచారణ గురువారం. నీ మాట ఒక్కటే అతన్ని ఆ టైమ్‌కి ఆ గేటు దగ్గర నిలబెడుతోంది. టీవీ దొరకలేదు, తాళి దొరకలేదు. ఆ ఏడు ఒక్కటే."

"అందుకే వచ్చాను."

"కొత్త వాంగ్మూలం తీసుకుంటా. కానీ నువ్వు దుబాసీగా పనికిరావు. ఇంకొకరు కావాలి. తెలుగు బాగా వచ్చినవాళ్ళు, మీ కుటుంబం కానివాళ్ళు."

ఈ ఊళ్ళో అలాంటి మనిషి నాకు ఒక్కరే తెలుసు. మాపటేల అంటే సాయంత్రమని నాకు చెప్పిన మనిషి.

ఫిబ్రవరి 18, శనివారం

క్లాసు అయ్యాక ఆగాను. రామలక్ష్మి గారు అంతా విని తల అడ్డంగా ఊపారు. "మధ్యాహ్నం మూడింటిని మాపటేల అనరు సుగుణా. ఎక్కడా అనరు."

"మా ఇంట్లో అంటారండీ."

"అది తప్పు వాడుక. ప్రమాణం చేసి నేను తప్పు అర్థం ఎలా చెప్పను? పెద్దావిడకి గుర్తు తప్పి ఉంటుంది."

"అవ్వకి గుర్తు తప్పలేదు. మీ సాయంత్రం తెచ్చి నేనే తనకి అంటగట్టాను."

ఇలా మాట్లాడతాననుకోలేదు. ఆవిడా అనుకోలేదు. బోర్డు తుడవడం మొదలుపెట్టారు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచారు.

వస్తానని అనలేదు. రానని అనలేదు.

ఫిబ్రవరి 19

పగలంతా గేటు దాకా, మళ్ళీ గది దాకా. బయాలజీ పుస్తకం తెరిచే ఉంది. ఒకే పేజీ.

ఫిబ్రవరి 20, సోమవారం

వచ్చారు! స్టేషన్ మెట్ల మీద, ముదురాకుపచ్చ చీరలో, మాకంటే ముందే. నాతో మాట్లాడలేదు. అవ్వకి నమస్కారం పెట్టి, "మామ్మగారూ, రండి" అన్నారు.

నన్ను బయటే ఉండమన్నారు. తలుపు సరిగ్గా పడదు, రెండు వేళ్ళ సందు. అవ్వ గొంతు మొదటిసారి చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా: "మాపటేల బేకీని సూసినాను."

సందు దగ్గరికి జరిగాను.

"మాపటేల అంటే ఎప్పుడు మామ్మగారూ?"

అంతే. నేను అడగాల్సిన ప్రశ్న. డబ్బు పెట్టి కొనే ప్రశ్న కూడా కాదు, ఊరికే వచ్చే ప్రశ్న.

అవ్వ చెప్పింది. చెరకు దగ్గర మొదలుపెట్టింది, సర్దారు, చాయిలే, టీ, మిరపకాయలు. నాయుడు గారు మధ్యలో ఏదో అనబోతే రామలక్ష్మి గారు ఆపారు: "ఆవిణ్ణి చెప్పనివ్వండి." మా క్లాసులో ఆవిడ అంతసేపు ఎవర్నీ చెప్పనివ్వలేదు.

బయటకు వచ్చాక నాతో: "ఆ మాట నేను మార్చలేదు. మాపటేల అనే రాయించి, కింద ఆవిడ చెప్పిన అర్థం రాయించాను." రెండు మెట్లు దిగి ఆగారు. "నాకు తెలియదమ్మా. తెలియదని కూడా తెలియదు."

అవ్వ దారిలో: "మంచి మడిసి. తెలుగే కొంచెం తేడా."

ఫిబ్రవరి 21

మంగళవారం. మా ఇంట్లో ఎవరూ టీవీ పెట్టలేదు.

ఫిబ్రవరి 23, గురువారం. కోర్టు వరండా

ఇక్కడే బెంచీ మీద రాస్తున్నాను. రాయకపోతే కాళ్ళు ఊరుకోవు.

అవ్వ నా ఎడమ పక్క. ఎదురు గోడకి ఆనుకుని ఒకావిడ, చంకలో చంటిబిడ్డ, కొంగు పట్టుకుని ఇంకొక పిల్ల. భెకి భార్య. నన్ను చూస్తోంది. నేనెవరో తెలిసి చూస్తోందా, ఊరికే చూస్తోందా... అవ్వ రోటీల డబ్బా ఆ పిల్లకి అందించింది. ఆ పిల్ల తల్లి మొహం చూసింది. తల్లి తల ఊపలేదు. డబ్బా ఇద్దరి మధ్యా గాలిలో ఉండి, వెనక్కి వచ్చింది.

నాయుడు వచ్చి నా ముందు మునివేళ్ళ మీద కూర్చున్నాడు. గొంతు తగ్గించి — "ప్రాసిక్యూటర్ దగ్గర రెండు కాగితాలున్నాయి. ఒకదాంట్లో ఏడు, ఒకదాంట్లో మూడు. ఏడు ఎక్కణ్ణుంచి వచ్చిందని మెజిస్ట్రేట్ అడుగుతాడు. విను మా. గ్రానీ ముందు ఏడు అంది, తరవాత మూడు అంది, అని చెప్పు. ముసలావిడ, మతిమరుపు. గ్రానీని ఎవరూ ఏమీ అనరు. నీ పేరు శుభ్రంగా ఉంటుంది. ఆ సెలవుల పని కూడా..."

"అప్పుడు అవ్వ మూడు అన్నదాన్ని ఎవరు నమ్ముతారు?"

"నా సంతకం కూడా ఉంది ఆ మొదటి కాగితం మీద" అన్నాడు. "గడియారం చూపించి ఆవిణ్ణి నేనూ అడగలేదు." లేచాడు, మోకాళ్ళు టక్కుమన్నాయి. అలిసిపోయి ఉన్నాడు. చెడ్డవాడు కాదు.

అవ్వ: "ఏటంటాడు?"

తెలుగులో చెప్పాను. ఒక్క మాట వదలకుండా, ఒక్క మాట చేర్చకుండా. మతిమరుపు అన్నది కూడా. అవ్వ మొహం కదల్లేదు. "నీ ఇట్టం" అంది.

వాక్యం సిద్ధం చేసుకుంటున్నాను, ఇంగ్లీషులో. మా అవ్వ ఏడు అనలేదు. ఏడు నాది. పది ముక్కలు కూడా లేవు. మళ్ళీ మళ్ళీ అనుకుంటుంటే మాటలు మాటల్లా లేవు, నోట్లో రాళ్ళలా ఉన్నాయి. తరవాత ఏమంటారో తెలియదు. ఎందుకన్నావంటే? వినడానికి బాగుందని అన్నాను — అది ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి?

తలుపు తీశారు. నల్ల గౌను మనిషి కాగితం చూసి నా పేరు పిలిచాడు. తప్పుగా పలికాడు. రెండోసారి ఇంకా తప్పుగా.

భెకి భార్య తల ఎత్తింది.

లేస్తున్నాను.